రాజకీయ ఉపన్యాసాల మీద పీహెచ్‌డీ చేయొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది అచ్చంపేట దగ్గర పల్లె. ఎంఏ పొలిటికల్ సైన్స్ రెండో సంవత్సరం. తాతగారు పాత మీటింగుల ముచ్చట్లు చెబుతుంటే విని పెరిగారు. నాయకులు మైకు ముందు ఎలా మాట్లాడతారు, జనం ఏ మాటకు కదులుతారు అన్నదాని మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. కాలేజీలో ఒక సార్ "అది సబ్జెక్టే కాదు" అన్నారు. ఇంట్లో గ్రూప్స్ రాయమంటున్నారు. ఏ డిపార్ట్‌మెంటులో చేరాలి, బతుకుదెరువు ఉంటుందా, మొదలు ఎక్కడ అని అడిగారు.

నేను దేవరకొండ వైపు వాణ్ణి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ముప్పై ఏళ్ళు పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. నా పీహెచ్‌డీ ఎన్నికల ఉపన్యాసాల మీదే. కాబట్టి మీరు అడిగిన మూడింటికీ నా అనుభవం నుంచే జవాబు చెబుతాను. అన్నిటికంటే ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ పనిలో పుస్తకాల కంటే ముందు ఉపన్యాసం చేతికి రావాలి. నోటితో అన్నది అన్నట్టుగా, జనం చప్పుడుతో సహా రావాలి. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో అది దొరకడమే కష్టం. దాన్ని వెతికి తెచ్చుకున్నవాళ్ళకే ఈ రంగంలో పేరైనా ఉద్యోగమైనా.

ముందు "సబ్జెక్టే కాదు" అన్న మాట సంగతి. ఆ సార్ అన్నదాంట్లో కొంత నిజముంది. లెక్చరర్ ఉద్యోగానికి అర్హతగా రాసే నెట్ పరీక్షకు ఉన్న సబ్జెక్టుల్లో వక్తృత్వం పేరుతో ఏదీ లేదు. మన యూనివర్సిటీల్లో ఆ పేరుతో డిపార్ట్‌మెంటు కనిపించదు. కానీ అమెరికాలో కూడా ఒకప్పుడు ఇదే పరిస్థితి. అక్కడ ఉపన్యాసం నేర్పే టీచర్లు ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్లలో ఒక మూల ఉండేవాళ్ళు. 1914లో 17 మంది టీచర్లు ఇంగ్లిష్ టీచర్ల సంఘం నుంచి బయటికొచ్చి సొంత సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది సొంత పత్రిక మొదలైంది. అది ఇవాళ్టికీ వస్తోంది. 1925లో హెర్బర్ట్ విచెల్న్స్ అనే కార్నెల్ ప్రొఫెసర్ ఒక వ్యాసం రాశారు. సాహిత్య విమర్శకుడు కవితలో అందం, శాశ్వతత్వం చూస్తాడనీ, ఉపన్యాసాన్ని చూసేవాడు మాత్రం ఆ రోజు ఆ జనం మీద అది ఏం పనిచేసిందో చూడాలనీ ఆయన వాదన. ఒక్క వ్యాసంతో సబ్జెక్టుకు గట్లు ఏర్పడ్డాయి. తరువాత వచ్చినవాళ్ళు ఆ గట్లు సరిపోవని వాదించారు. అది వేరే సంగతి. సబ్జెక్టు లేదంటే చేసేవాళ్ళు ఇంకా కూడలేదని అర్థం తప్ప, చేయకూడదని అర్థం కాదు.

ఇంకో చిక్కు మాటతోనే ఉంది. వక్తృత్వాన్ని ఇంగ్లిష్‌లో రెటరిక్ అంటారు. ఆ మాట అనగానే మనవాళ్ళు అలంకార శాస్త్రం అంటారు. మన అలంకార శాస్త్రం ప్రధానంగా కావ్యం గురించి మాట్లాడుతుంది. ఎదుటివాణ్ణి ఒప్పించడం గురించి మన పెద్దలు ఆలోచించింది న్యాయ దర్శనంలో, అంటే మన తర్కశాస్త్రంలో, రాజనీతిలో. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ నిలబెట్టుకోకుండా ఎదుటివాడి మాటను పడగొట్టడానికే చేసేది వితండం అని న్యాయం విడదీసింది. ఈ మూడు ముక్కలు పెట్టుకుని ఏ టీవీ చర్చనైనా చూడండి, ఎవరు ఏం చేస్తున్నారో తేలిపోతుంది. కౌటిల్యుడు అర్థశాస్త్రం రెండో అధికరణంలో రాజశాసనం ఎలా రాయాలో చెబుతూ అర్థక్రమం, సంబంధం, పరిపూర్ణత, మాధుర్యం, ఔదార్యం, స్పష్టత్వం అని ఆరు గుణాలు లెక్కపెట్టాడు. నెట్ పేపర్ 1లో ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం లాంటి ప్రమాణాలు, అంటే ఒక సంగతి నిజమని తెలుసుకునే దారులు, సిలబస్‌లోనే ఉన్నాయి. మార్కుల కోసం బట్టీ పట్టకండి. అది మీ పనిముట్టు.

డిపార్ట్‌మెంటు విషయంలో నా సలహా సూటిగా చెబుతాను. మీరు పొలిటికల్ సైన్స్‌లోనే ఉండండి. తెలుగు డిపార్ట్‌మెంటుకు వెళితే భాష, శైలి మీద మంచి శిక్షణ వస్తుంది. జర్నలిజంలో మీడియా కోణం వస్తుంది. కానీ మీ ప్రశ్న "జనం ఎందుకు కదులుతారు" అన్నది, అది రాజకీయ ప్రశ్న. పైగా నెట్, రాష్ట్ర స్థాయిలో దానిలాంటిదే అయిన సెట్, డిగ్రీ లెక్చరర్ నోటిఫికేషన్లు అన్నీ పీజీ సబ్జెక్టును బట్టే వస్తాయి. సబ్జెక్టు మార్చితే దారి తెగిపోతుంది. గైడు మాత్రం ఇద్దరుంటే మంచిది. పొలిటికల్ సైన్స్‌లో ఒకరు, తెలుగు నుంచో భాషాశాస్త్రం నుంచో కో-గైడుగా ఇంకొకరు.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి, మీరు చేయకూడదు కాబట్టి.

పీహెచ్‌డీలో చేరిన కొత్తలో లైబ్రరీలో కూర్చుని పాత దినపత్రికల నుంచి ఉపన్యాసాల వార్తలన్నీ చేత్తో కాపీ చేసుకున్నాను. రెండేళ్ళు పట్టింది. నోటుపుస్తకాలు ఒక ట్రంకుపెట్టె నిండాయి. వాటి మీద రెండు అధ్యాయాలు రాసి ఒక సెమినార్లో చదివాను. వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్ద ప్రొఫెసర్ లేచి ఒకే ప్రశ్న అడిగారు. "ఈ వాక్యాలు నాయకుడివా, విలేఖరివా?" నా దగ్గర జవాబు లేదు. తరువాత సరిచూస్తే ఒకే మీటింగు గురించి రెండు పేపర్లలో వచ్చిన వార్తలు రెండు రకాలుగా ఉన్నాయి. పాలమూరు యాసలో మాట్లాడిన మనిషి పేపర్లోకి వచ్చేసరికి గ్రాంథికానికి దగ్గరి వాక్యాలు మాట్లాడుతున్నాడు. "ఏం జేస్తరు వీళ్ళు" అన్నది "వీరేమి చేయగలరు" అయిపోయింది. నేను రెండేళ్ళు సబ్ ఎడిటర్ల శైలి మీద పరిశోధన చేశాను. ఆ రాత్రి బస్సులో ఇంటికొస్తూ పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది.

దారి చూపించింది ఒక మైకుసెట్టు ఆయన. దేవరకొండలో చాలా ఏళ్ళు పెళ్ళిళ్ళకూ సభలకూ మైకుసెట్టు కిరాయికిచ్చిన పెద్దమనిషి. ఎన్నికలప్పుడు పార్టీ కార్యకర్తలు "మా మీటింగు ఎట్ల జరిగిందో జిల్లా నాయకులకు వినిపించాలె" అని అడిగితే, ఆంప్లిఫయర్‌కు టేప్‌రికార్డరు తగిలించి క్యాసెట్ చేసి ఇచ్చేవారట. ఒక కాపీ తన దగ్గర ఉంచుకునేవారు. అటకమీద నుంచి 17 క్యాసెట్లు దించారు. కొన్నిటి మీద సగం దాకా సినిమా పాటలు ఎక్కించేశారు. రెండు బూజు పట్టి తిరగలేదు. మిగిలిన వాటిల్లో ఏముందంటే, మాట మాత్రమే కాదు, మీటింగు మొత్తం ఉంది. కరెంటు పోతే జనం గోల, నాయకుడు రావడం ఆలస్యమైతే పాడిన పాట, వచ్చాక ఈలలు, ఏ వాక్యం దగ్గర చప్పట్లు పడ్డాయి, ఏ వాక్యం దగ్గర పడతాయనుకుని ఆయన ఆగితే పడలేదు, అన్నీ. నా థీసిస్ ఆ క్యాసెట్ల మీదే నిలబడింది.

కాబట్టి మీ ఊళ్ళో, అచ్చంపేటలో, కల్వకుర్తిలో, నాగర్‌కర్నూల్‌లో పాత మైకుసెట్టు వాళ్ళు, వీడియో తీసే స్టూడియోల వాళ్ళు, కేబుల్ టీవీ నడిపినవాళ్ళు ఎవరున్నారో ముందు వెతకండి. యూట్యూబ్‌లో ఉన్నవి కొత్తవి, ఎక్కువగా పెద్ద నాయకులవి, చాలావరకు కోసి పెట్టినవి. మండల స్థాయి వక్త గంటసేపు మాట్లాడింది మీకు అక్కడ దొరకదు. జనం మనసు తెలిసేది ఆ గంటలోనే.

పాత కాలానికి వెళ్ళాలనుకుంటే మన ప్రాంతంలో ఉన్న సంపద చాలా మందికి తెలియదు. నిజాం రాష్ట్రంలో తెలుగువాళ్ళ ఉద్యమమే ఒక ఉపన్యాసానికి జరిగిన అవమానంతో మొదలైంది. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధినిలో సంఘ సంస్కార సభ జరిగింది. కర్వే పండితుడు అధ్యక్షుడు. మిగతా భాషల్లో మాట్లాడితే విన్నవాళ్ళు, అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టేసరికి గోల చేసి మాట్లాడనీయలేదు. ఆ దెబ్బతోనే ఆంధ్ర జన సంఘం పుట్టింది. అదే 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభగా నిలబడింది. మొదటి అధ్యక్షుడు మన పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి. 1931లో మా దేవరకొండ సభకు బూర్గుల రామకృష్ణారావు, 1936లో షాద్‌నగర్ సభకు కొండా వెంకటరంగారెడ్డి, 1941లో చిలుకూరు సభకు, 1944లో భువనగిరి సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షత వహించారు. అంటే పదిహేనేళ్ళలో ఎన్ని సభలు మన రెండు జిల్లాల నేల మీద జరిగాయో చూడండి. ఇదంతా సభ పెట్టాలంటే ముందు సర్కారు అనుమతి తీసుకోవాలనే గస్తీ నిషాన్ 53 నీడలో జరిగింది. ఏం మాట్లాడొచ్చు, ఏది సంస్కృత సమాసం చాటున దాచి చెప్పాలి, ఏది సభలో అనకుండా రాత్రి అరుగు మీద చెప్పాలి అన్నది వక్తకు రోజూ ఉండే లెక్క. ఆ లెక్కను బయటికి తీసి రాయాల్సింది ఇంకా చాలా ఉంది.

భువనగిరి సభ దగ్గర కొంచెం ఆగండి. అక్కడే సభ్యత్వ రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు తగ్గింది. సంఘం పల్లెలోకి దిగింది. దాంతోపాటు వేదిక మీది భాష కూడా దిగింది. అధ్యక్షోపన్యాసం అచ్చువేసి చదివే పద్ధతి పక్కన బుర్రకథ, గొల్ల సుద్దులు, ఉయ్యాల పాటలు వచ్చి నిలబడ్డాయి. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. జనంలో పుట్టే సందేహాన్ని వంత ముందే అడుగుతాడు, కథకుడు జవాబు చెబుతాడు. ఒప్పించే పద్ధతుల గురించి ఇంతకంటే మంచి పాఠం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మల్లు స్వరాజ్యం గారిని గుర్తు చేసుకోండి. సాయుధ పోరాటంలో పాటతో జనాన్ని కూడగట్టిన మనిషి, తరువాత 1978లో, 1983లో తుంగతుర్తి ఎమ్మెల్యే. 2022లో పోయేదాకా సభల్లో మాట్లాడుతూనే ఉన్నారు. ఆమె చివరి ఏళ్ళ వీడియోలు ఉన్నాయి. పాట ఎక్కడ ఆగి మాట మొదలవుతుందో, మాటలో పాట లయ ఎంత మిగిలి ఉంటుందో కొలిచి చూపితే అదొక్కటే మంచి అధ్యాయం అవుతుంది.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయంటే, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు సర్కారు కాగితాలున్నాయి. చాలావరకు ఉర్దూ, ఫార్సీల్లో. కాబట్టి ఉర్దూ లిపి నేర్చుకోండి. రోజుకు గంట కూర్చుంటే ఆరునెలల్లో అచ్చు చదవగలుగుతారు. చేతిరాతకు ఇంకొంత సమయం పడుతుంది. మన జిల్లాల్లో ఉర్దూ మాస్టార్లు దొరకడం కష్టమేమీ కాదు. సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞానకేంద్రం పాత పత్రికలకు మంచి చోట్లు. 1952 నుంచి 1956 దాకా నడిచిన హైదరాబాద్ శాసనసభ చర్చలు అచ్చులో ఉన్నాయి. ఒకే రోజు చర్చలో ఒకరు ఉర్దూలో, ఒకరు తెలుగులో, ఒకరు మరాఠీలో మాట్లాడటం చూస్తారు. వనపర్తి నుంచి గెలిచిన ప్రతాపరెడ్డి గారు కూడా ఆ సభలో సభ్యులే, 1953లో చనిపోయేదాకా.

విదేశాల్లో ఈ పని చేసినవాళ్ళలో మీరు ముందు తెలుసుకోవాల్సినది బెర్నార్డ్ బేట్. అమెరికన్, చికాగో యూనివర్సిటీలో ఆంత్రపాలజీ పీహెచ్‌డీ, యేల్‌లో పాఠాలు చెప్పారు, తరువాత సింగపూర్ వెళ్ళారు. ఆయన పని మొత్తం తమిళ రాజకీయ ఉపన్యాసం మీద. 1990ల్లో మదురైలో మకాం పెట్టి, మంచి తమిళం నేర్చుకుని, రాత్రిపూట వీధి మీటింగుల్లో జనంలో కూర్చున్నారు. మాట ఒక్కటే కాదు, కటౌట్లు, ట్యూబులైట్లు, నాయకుడికి తగిలించే బిరుదులు, వేదిక మీద ఎవరు ముందు ఎవరు వెనక, అన్నీ రాసుకున్నారు. 2009లో వచ్చిన ఆయన పుస్తకంలో ముఖ్యమైన సంగతి ఇది. ద్రావిడ నాయకులు వేదిక మీద మాట్లాడే సెందమిళం, అంటే గ్రాంథిక తమిళం, వేల ఏళ్ళ నాటిదిలా వినిపిస్తుంది గానీ, అలా మాట్లాడే ఆచారం మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో పుట్టింది. ఆ తరువాత ఆయన ఇంకా వెనక్కి వెళ్ళారు. మామూలు జనాన్ని ఒకచోట కూర్చోబెట్టి వాళ్ళ భాషలో ఉపన్యసించడం అనే పద్ధతే ఎక్కడి నుంచి వచ్చింది? క్రైస్తవ మిషనరీల ప్రసంగాలు, వాటిని చూసి 1847లో జాఫ్నాలో ఆరుముగ నావలర్ మొదలుపెట్టిన శైవ ప్రసంగాలు, అక్కడి నుంచి స్వదేశీ ఉద్యమం దాకా ఆయన దారి గీశారు. ఆ పుస్తకం పూర్తి కాకుండానే 2016లో చనిపోయారు. మిత్రులు చేతిప్రతిని సరిచేసి 2021లో అచ్చువేయించారు.

ఆ పుస్తకం చదివినప్పుడు నాకు కలిగిన ఆలోచన మీకు అప్పగిస్తున్నాను. తమిళ వేదిక వాడుక భాష నుంచి పైకి, గ్రంథ భాష వైపు ఎక్కింది. తెలంగాణ వేదిక దానికి ఎదురుగా నడిచింది. 1930ల అధ్యక్షోపన్యాసాల భాష పండితులది. 1940ల్లో పల్లెకు దిగింది. మళ్ళీ ఎన్నికల కాలంలో పేపరు భాష, కోస్తా ఉచ్చారణ వేదికకెక్కాయి. 2001 తరువాత తెలంగాణ ఉద్యమంలో యాసలో మాట్లాడటమే ఒక వాదన అయింది. "నేను మీవాణ్ణి" అని విడిగా చెప్పే పని లేకుండా "వస్తున్న", "చెప్తున్న" అన్న క్రియాపదమే చెప్పేసింది. దీన్ని ఆధారాలతో, దశాబ్దం వారీగా, రికార్డింగులు పెట్టుకుని నిరూపిస్తే తమిళం మీద బేట్ చేసిన పనికి మన జోడీ అవుతుంది. మీరు నల్లమల అంచున పుట్టిన మనిషి, ఆ క్రియాపదాల్లో తేడా చెవితోనే పట్టుకుంటారు. బేట్‌కు తమిళం నేర్చుకోవడానికి ఏళ్ళు పట్టింది. లీసా మిచెల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ తెలుగు నేర్చుకుని వచ్చి, మాతృభాష మీద మమకారం రాజకీయంగా ఎలా తయారైందో ఒక పుస్తకం, సభలూ ర్యాలీలూ ధర్నాల మీద 2023లో ఇంకో పుస్తకం రాశారు. ఆమె పని కూడా చదవండి. బయటి నుంచి వచ్చినవాళ్ళు మన రోడ్డు మీటింగును ఎంత గౌరవంగా చూశారో తెలుస్తుంది.

పద్ధతి విషయానికొస్తే మ్యాక్స్ అట్కిన్సన్ పని నేర్చుకోండి. బ్రిటిష్ సమాజశాస్త్రవేత్త. 1980ల్లో ఉపన్యాసాల టేపులు పెట్టుకుని చప్పట్లు సరిగ్గా ఎక్కడ మొదలవుతున్నాయో సెకన్లలో కొలిచారు. చప్పట్లు మామూలుగా ఎనిమిది సెకన్ల పాటు ఉంటాయని గమనించారు. మూడు ముక్కల జాబితా, ఇదీ అదీ అని ఎదురెదురుగా పెట్టడం, ఇలాంటి నిర్మాణాలు జనానికి "ఇక్కడ కొట్టండి" అని ముందే సైగ చేస్తాయని చూపించారు. తరువాత హెరిటేజ్, గ్రేట్‌బ్యాచ్ అనే ఇద్దరు 1981 నాటి బ్రిటన్ పార్టీల మహాసభల్లోని 476 ప్రసంగాలు విశ్లేషించి, మూడింట రెండు వంతుల చప్పట్లు ఏడు రకాల నిర్మాణాల తరువాతే పడ్డాయని తేల్చారు. మన దగ్గర ఉదాహరణకు నేనే ఒకటి కట్టి చెబుతాను. "చెరువు తవ్వింది మనం, నాటు వేసింది మనం, కోత కోసింది మనం. గింజలు ఎవరింటికి పోయినయ్?" మూడు ముక్కలు, ఆ వెంటనే ఎదురు ప్రశ్న. అయితే మన జనం ఇక్కడ చప్పట్లు కొట్టరు, నోటితో జవాబు చెబుతారు. "ఔనా, కాదా?" అంటే "ఔను" అని గ్రౌండంతా అంటుంది. చప్పట్ల లెక్క బ్రిటన్‌కు సరిపోయింది. మనకు జవాబుల లెక్క కావాలి. వాళ్ళ కొలబద్ద అట్లాగే తెచ్చి ఇక్కడ పెట్టకండి.

గంట ఉపన్యాసాన్ని ఉన్నదున్నట్టు రాసుకోవడానికి నాకు తొమ్మిది పది గంటలు పట్టేది. విరామాలు, దగ్గులు, జనం మాటలు, వెనక నుంచి కార్యకర్త అందించిన పేరు, అన్నీ రాయాలి. ఇప్పుడు ఇలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, శబ్దం కింద గీతలు గీసినట్టు గుర్తులు పెట్టుకోవచ్చు. యాసను సరిదిద్ది రాయకండి. "పోతున్నడు" అంటే "పోతున్నడు" అనే రాయండి. మొదటి పది గంటల రికార్డింగు మీరే స్వయంగా రాయాలి, డబ్బులిచ్చి టైపు చేయించవద్దు. రాస్తున్నప్పుడే చెవి తెరుచుకుంటుంది.

ఒక హెచ్చరిక. బాగా మాట్లాడాడు కాబట్టి గెలిచాడు అని ఎప్పుడూ రాయకండి. మీ పక్కనే ఉన్న కల్వకుర్తి చూడండి. చైతన్యరథం మీద నుంచి రాష్ట్రమంతా కదిలించిన ఎన్టీ రామారావు 1989లో అక్కడ చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. అదే ఎన్నికల్లో హిందూపురంలో గెలిచారు. మనిషీ గొంతూ ఒకటే, ఫలితాలు రెండు. ఉపన్యాసం ఓట్లు తెచ్చిందా అన్న ప్రశ్నకు ఉపన్యాసం చదివి జవాబు చెప్పలేం. ఉపన్యాసం జనానికి ఏ మాటలు ఇచ్చింది, మరుసటి రోజు హోటల్లో, బాయికాడ వాళ్ళు ఆ మాటల్లో ఏవి వాడుకున్నారు అన్నదానికి మాత్రం చెప్పగలం. అదే కల్వకుర్తి నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యే అయిన జైపాల్ రెడ్డి గారు ఇంగ్లిష్ సాహిత్యం చదివిన మనిషి, 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం పొందారు. లోక్‌సభలో ఆయన ఇంగ్లిష్ ప్రసంగాలు అక్షరం పోకుండా రికార్డుల్లో ఉన్నాయి. మాడుగుల వైపు పల్లెల్లో ఆయన తెలుగులో ఎలా మాట్లాడేవారో చెప్పగలిగినవాళ్ళు మీ చుట్టుపక్కలే ఉన్నారు. ఒకే మనిషి ఇద్దరు శ్రోతల ముందు ఎలా మారతాడన్నది పీహెచ్‌డీకి సరిపోయే ప్రశ్న.

ఇప్పుడు బతుకుదెరువు. దీన్ని తేలిగ్గా చెప్పి మిమ్మల్ని మోసం చేయలేను. నెట్‌లో పై మార్కులు వచ్చినవాళ్ళకిచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్ఎఫ్. అది వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తరువాత 42,000. దానితో పీహెచ్‌డీ కాలం గౌరవంగా గడుస్తుంది. కాబట్టి ఎంఏ అయ్యేలోపే నెట్ మొదటిసారి రాయండి. జేఆర్ఎఫ్ రాకపోయినా, 2024 నుంచి నెట్ స్కోరుతో పీహెచ్‌డీ ప్రవేశాలు ఉన్నాయి. టెస్టుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. యూనివర్సిటీల వారీగా తేడాలుంటాయి, నోటిఫికేషన్ జాగ్రత్తగా చూసుకోండి. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. ఆడపిల్లలకు ఇంకో రెండేళ్ళ వెసులుబాటు, 240 రోజుల ప్రసూతి సెలవు నిబంధనల్లోనే ఉన్నాయి. ఇంట్లో పెళ్ళి మాట వస్తే ఈ సంగతి చెప్పండి. పర్మనెంట్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు యూజీసీ స్కేల్లో మొదటి మూలవేతనం 57,700. కానీ పర్మనెంట్ పోస్టు పడేదాకా గెస్టు ఫ్యాకల్టీగా, కాంట్రాక్టుగా ఏళ్ళు గడవొచ్చు. నా శిష్యుల్లో బాగా చదివినవాళ్ళు ఆ టెన్షన్‌తో నలిగిపోవడం చూశాను. అందుకే గ్రూప్స్ మాట పూర్తిగా కొట్టెయ్యకండి. పాలిటీ నెట్‌కూ గ్రూప్స్‌కూ ఉమ్మడి, తెలంగాణ ఉద్యమ చరిత్ర మీ పరిశోధనకూ గ్రూప్స్‌కూ ఉమ్మడి. రెండేళ్ళు రెండూ నడపొచ్చు. నెట్ రాకుండా ముప్పై దాటితే మాత్రం ఇంట్లోవాళ్ళతో కూర్చుని మళ్ళీ ఆలోచించండి. జేఆర్ఎఫ్‌కు వయసు పరిమితి ఉంది, మహిళలకూ రిజర్వేషన్ వర్గాలకూ సడలింపు ఉంది.

మీకు పేరు వస్తున్న కొద్దీ ఇంకో పిలుపు వస్తుంది. "మా సార్‌కు ఉపన్యాసం రాసిపెట్టు" అని. డబ్బు బాగానే ఇస్తారు. అట్కిన్సన్ కూడా ఆ వైపు వెళ్ళారు. 1984లో వేదిక ఎక్కడం కొత్త అయిన ఒక మహిళకు టీవీ కోసం శిక్షణ ఇస్తే పార్టీ సభలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ తరువాత ఆయన పాడీ ఆష్‌డౌన్ అనే నాయకుడికి ఉపన్యాసాలు రాశారు. అది తప్పని నేననను. కానీ పీహెచ్‌డీ చేస్తున్నన్నాళ్ళూ, మీరు పరిశోధిస్తున్న నాయకుడికి గానీ ఆయన ప్రత్యర్థికి గానీ ఒక్క వాక్యం కూడా రాసివ్వకండి. మన జిల్లాల్లో ఆ సంగతి రెండు రోజుల్లో ఊరూరా తెలుస్తుంది. రెండో పార్టీవాళ్ళు మీకు క్యాసెట్టు ఇవ్వరు, నోరు విప్పరు. కాథ్లీన్ హాల్ జేమీసన్ అనే ప్రొఫెసర్ ఇంకో దారి చూపారు. ప్రచార ఉపన్యాసాలూ ప్రకటనలూ చదువుతూ చదువుతూ, నాయకులు చెప్పేవి నిజమో కాదో సరిచూసే సంస్థను 2003లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలోని తన కేంద్రం నుంచే మొదలుపెట్టారు. చదువు జనానికి పనికొచ్చిందంటే నాకు గుర్తొచ్చేది ఆమె.

మొదలు ఎక్కడ అని అడిగారు కదా. తాతగారితో మొదలుపెట్టండి, ఈ నెలలోనే. ఫోన్లో రికార్డరు ఆన్ చేసి, ఆయనకు చెప్పి, ఒప్పుకున్నాకే అడగండి. "నాయకుడు ఏమన్నాడు" అని ముందే అడగొద్దు. అడిగితే అందరూ చెప్పే మాటలే ఆయనా చెబుతారు. మీటింగుకు ఎట్ల పోయారు, ఎవరితో పోయారు, బండి మీదనా నడిచా, ఎక్కడ కూర్చున్నారు, మైకు వినబడిందా, ఆడవాళ్ళు ఏ వైపున్నారు, ఎవరైనా లేచి అడిగారా, తిరిగొస్తూ దారిలో ఏం మాట్లాడుకున్నారు అని అడగండి. చోటు గుర్తొస్తే మాట దానంతటదే గుర్తొస్తుంది. మా మేనమామ యాభై ఏళ్ళ కిందటి ఒక మీటింగు గురించి ఏమీ గుర్తులేదన్నాడు. వేపచెట్టు కింద కూర్చున్నామని చెప్పాక, వక్త ఆ చెట్టును చూపించి అన్న వాక్యం గొంతుతో సహా దించేశాడు. ఆ రికార్డింగు అయ్యాక ఒక అరగంట భాగం ఉన్నదున్నట్టు రాసి నాకు పంపండి, గుర్తులు ఎట్ల పెట్టాలో దాని మీదే చూపిస్తాను.